లెఫ్ట్ వింగ్‌బ్యాక్‌ను ఎవరు తిన్నారు?

లెఫ్ట్ వింగ్‌బ్యాక్ సరిగా లేడట. ఎన్ని రోజులుగా వింటున్నానో ఈ మాట. పొద్దున పాలప్యాకెట్ తెస్తుంటే వింటున్నా, బోధన్ బస్సులో వెనక సీట్లోంచి వింటున్నా, మా అక్క కొడుకు అన్నం కలుపుకుంటూ ముద్ద ముద్దకూ చెప్తుంటే వింటున్నా. ఆయన సరిగా లేకపోతే మాంచెస్టర్ యునైటెడ్ గెలవదు. యునైటెడ్ గెలవకపోతే మా అల్లుడు మర్నాడు పనికి పోడు. వాడు పనికి పోకపోతే మా అక్క నాకు ఫోన్ చేస్తుంది. ఇంగ్లండులో ఎవడో ఎడమ దిక్కున సరిగా ఉరకనందుకు నిజామాబాద్ వినాయక్‌నగర్‌లో నేను సంజాయిషీ చెప్పుకోవాలి.

యునైటెడ్ ఆఖరుసారి లీగ్ గెలిచింది 2013లో. ఆ ఏడే ఫెర్గూసన్ దిగిపోయాడు. అప్పటికి మా అల్లుడికి నిక్కరు గుండీ పెట్టుకోవడం సరిగా రాదు. ఆ తర్వాత వచ్చిపోయిన కోచ్‌ల పేర్లు మాత్రం గుక్క తిప్పుకోకుండా చెప్తాడు: మోయెస్, వాన్ గాల్, మొరీనో, సోల్‌షేర్, టెన్ హాగ్, అమొరిమ్. పోయిన పెత్రమాసకు పంతులు మూడు తరాల పేర్లు అడిగితే తాత పేరు దగ్గరే ఆగిపోయి నా మొహం చూశాడు.

ఆ అమొరిమ్ అనే ఆయన కాలంలో వచ్చిపడింది ఈ వింగ్‌బ్యాక్ గొడవ. ఆయన ముగ్గురిని వెనక, నలుగురిని నడుమ, ముగ్గురిని ముందర నిలబెట్టేవాడు. ఎందుకట్లా అని నేను అడగలేదు. ఈ ముక్క గట్టిగా చెప్తున్నా, నేను అడగలేదు. బోధన్ రోడ్డులో మా ఇరానీ హోటల్లో నా పాటికి నేను చాయ్ తాగుతుంటే మా అల్లుడే నా బల్ల ఆక్రమించి విడమరచడం మొదలుపెట్టాడు.

గోల్‌కీపర్‌గా చక్కెర డబ్బా. చెరుకు ప్రాంతం కదా, గోల్ దగ్గర చక్కెర ఉండడం నాకూ న్యాయమే అనిపించింది. డిఫెండర్లు మూడు మంచినీళ్ల గ్లాసులు. ముందర ముగ్గురు ఖాళీ చాయ్ గ్లాసులు, అందులో ఒకటి ఇంకా ఖాళీ కాలేదు, అది నాది. నడుమ నలుగురు ఉస్మానియా బిస్కెట్లు. ఎదుటి జట్టుకు టై బిస్కెట్లు తెప్పించాడు, రంగు తేడా తెలియాలి కదా అని. బంతి సోంపు గింజ.

ఆట మొదలైంది. సోంపు గింజ కుడి దిక్కు నుంచి వస్తోంది. "మామా, ఇప్పుడు చూడు, లెఫ్ట్ వింగ్‌బ్యాక్ ఏం చేయాలె? ఉరికి ముందరికి పోవాలె, మళ్ల ఉరికి ఎనుకకు రావాలె. మనోడు పోతడు, రాడు" అని ఎడమవైపు బిస్కెట్టును ముందుకు తోశాడు. సరిగ్గా అప్పుడే పక్క కుర్చీలో పేపరు చదువుతున్న శక్కర్‌నగర్ కాక, పేపర్లోంచి తల ఎత్తకుండానే చెయ్యి చాపి, ఆ వింగ్‌బ్యాక్‌ను తీసుకుని చాయ్‌లో ముంచి తినేశాడు.

"కాకా! లెఫ్ట్ వింగ్‌బ్యాక్!"

"ఏందిరా?"

"నువ్వు తిన్నది!"

"మెత్తగున్నది," అన్నాడు కాక. "నువ్వు చెప్పింది నిజమే బిడ్డా, అస్సలు పనికొచ్చేటోడు కాదు."

సబ్‌స్టిట్యూట్‌గా సమోసా దిగింది. సమోసాకు బలం ఉంది, భుజాలున్నాయి, ఉరుకుడు లేదు. జరిపితే బల్ల మీద నూనె గీత పడుతోంది. పక్కింటి పిల్లగాడు ఆర్సెనల్ మనిషి. ఆ గీత చూపించి, "మీ ప్లేయర్ కవర్ చేసిన గ్రౌండ్ ఇదేనా? నాలుగు ఇంచులు" అన్నాడు. మాటా మాటా పెరిగింది. నా చాయ్, అంటే యునైటెడ్ సెంటర్ ఫార్వర్డ్, ఈ గొడవలో చల్లారిపోయింది. తాగుదామని చెయ్యి పెడితే అల్లుడు నా మణికట్టు పట్టుకున్నాడు. "ఆగు మామా, అటాక్‌ల ఉన్నడు." పది నిమిషాలు అటాక్‌లోనే ఉన్నాడు, గోల్ కొట్టలేదు, మీగడ కట్టింది.

సేట్ గల్లా దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాడు. ఆయన లెక్కంతా గ్లాసుల మీద. పొద్దుటి గిరాకీ వేళ ఆరు గ్లాసులు మైదానంలో ఇరుక్కుంటే వ్యాపారం ఎట్లా నడుస్తుంది? "అరే భాయ్, మ్యాచ్ ఖతం కరో" అని రెండుసార్లు కేకేశాడు. మూడోసారి కేకెయ్యలేదు, సప్లయర్ పిల్లగాణ్ణి పంపాడు. వాడు తడిబట్టతో ఒక్క తుడుపు తుడిచాడు. మొత్తం మిడ్‌ఫీల్డ్ కింద పడింది. సోంపు గింజ ఎటు పోయిందో. ఆ పిల్లగాడు ఏ పక్షమూ కాదు, వాడికి బల్ల శుభ్రంగా ఉంటే చాలు. ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో అంత నిష్పక్షపాతమైన రెఫరీని వెతికినా దొరకబట్టలేమని ఆర్సెనల్ పిల్లగాడే ఒప్పుకున్నాడు.

బిల్లు వచ్చాక అసలు చర్చ. టై బిస్కెట్లు ఎవరూ తినలేదు, కానీ కింద పడ్డాయి కాబట్టి అమ్ముడుపోయినట్టే అన్నాడు సేట్. వింగ్‌బ్యాక్‌ను తిన్నది కాక కనుక ఆ ఒక్కటి కాకే కట్టాలని అల్లుడు. జట్టులోకి తీసుకున్నోడే ట్రాన్స్‌ఫర్ డబ్బులు కట్టాలని ఆర్సెనల్. మీకందరికీ తెలుసు, ఎవరు కట్టి ఉంటారో.

ఆ సీజన్, అంటే 2024-25లో, యునైటెడ్ ఇరవై జట్లలో పదిహేనో స్థానంలో ఆగింది. యూరోపా లీగ్ ఫైనల్‌దాకా పోయి బిల్‌బావోలో టాటెన్‌హామ్ చేతిలో ఒక్క గోల్ తేడాతో ఓడింది. ఆ టాటెన్‌హామ్ లీగులో పదిహేడోది. పదిహేనోవాడు పదిహేడోవాడి మీద ఓడిపోవడం చూడ్డానికి మావాడు రాత్రి పన్నెండున్నర నుంచి మేల్కొని కూర్చున్నాడు, నన్నూ కూర్చోబెట్టాడు. ఆర్సెనల్ పిల్లగాడిది ఇంకో రకం రోగం. వాళ్లు 2023లో రెండు, 2024లో రెండు, 2025లో రెండు. ఓడినవాడు ఏడ్చి పండుకుంటాడు. రెండోవాడికి నిద్ర కూడా పట్టదు. "వచ్చే ఏడు మాదే కాకా" అని వాడంటే, శక్కర్‌నగర్ కాక ఫక్కున నవ్వి, "మా ఫ్యాక్టరీ గూడ వచ్చే సీజన్‌కే తెరుస్తరంట బిడ్డా" అంటాడు.

కాక బోధన్ షుగర్ ఫ్యాక్టరీలో చేసి ఇంటికొచ్చిన మనిషి. ఆయనకు ఫుట్‌బాల్ ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. ఒకనాడు మా అల్లుడు గ్లేజర్లను తిట్టడం విన్నాడు. 2005లో అమెరికా నుంచి వచ్చిన ఆ కుటుంబం అప్పు తెచ్చి యునైటెడ్‌ను కొనింది, తెచ్చిన అప్పులో పెద్ద భాగం తీసుకుపోయి ఆ క్లబ్బు నెత్తినే పెట్టింది. కాక పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆయన పేపరు మడవడం నేను అదే మొదలు చూడడం. "అంటే, కొన్న సరుకు మీదనే కొన్న అప్పా?" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన యునైటెడ్ మనిషి అయ్యాడు. వింగ్‌బ్యాక్‌ల సంగతి ఆయనకు అక్కర్లేదు. యజమానుల సంగతి వచ్చిందా, మా అల్లుడికన్నా ముందు లేస్తాడు. ఆయన చేసింది నిజాం కాలంలో, 1930ల చివర పుట్టిన ఫ్యాక్టరీలో. ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్నాం. 2002లో సగానికి పైగా వాటా ప్రైవేటుకు పోయింది, 2015 డిసెంబరులో లేఆఫ్ పేరుతో తాళం పడింది. చెరుకు వేసినోళ్లు వరికి మళ్లారు. తెరిపిస్తామన్న మాట మాత్రం ఏ ఎన్నికలోనూ తప్పిపోలేదు. "మీకు కోచ్‌నన్న మార్చిన్రు," అంటాడు కాక, "మాకు గేటు కాడి తాళమే మార్చిన్రు." ఇది జోకో కాదో తెలియక పిల్లలు ఇద్దరూ గ్లాసుల్లోకి చూస్తారు.

ఈ గోల చాలదని అమెరికా నుంచి ఇంకోటి. మా బామ్మర్ది ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఉంటాడు. అక్కడి యూనివర్సిటీ పిల్లల అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆయనకు ఇలవేలుపు. పొరుగు రాష్ట్రం మిషిగన్ ఆయనకు జన్మశత్రువు. రెంటితోనూ ఈయనకు పెళ్లి సంబంధం కూడా లేదు, చదివింది ఇక్కడ గిరిరాజ్ కాలేజీలో. ఆ రెండు జట్ల మ్యాచ్ ఉన్న వారం ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో బోర్డుల మీద ఎం అక్షరం కనపడితే దాని మీద ఎర్ర టేపుతో ఇంటూ గుర్తు కొడతారు. ఈయన ఆ నియమం వాట్సాప్‌లో కూడా పాటిస్తాడు. తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాసే మనిషి. అమ్మ ఎట్లుంది అని అడిగాడో, ఆల్జీబ్రా లెక్క పంపాడో తెలియక మా ఆవిడ ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

2024 నవంబర్ 30న సొంత మైదానంలో మిషిగన్ మీద 13-10తో ఓడారు. వరుసగా నాలుగో ఓటమి. కోచ్ ర్యాన్ డే ఏడాదికి కోటి డాలర్లు దాటి తీసుకునే మనిషి. ఆయన్ను తెల్లారేలోగా పీకెయ్యాలని మా బామ్మర్ది నాకు చెప్పాడు. నేను సంతకం పెడితే పని అయ్యేట్టుగా చెప్పాడు. 2025 జనవరి 20న అదే కోచ్, అదే పిల్లలు నోటర్‌డామ్‌ను 34-23తో ఓడించి దేశం మొత్తానికి చాంపియన్లు అయ్యారు. ఇప్పుడేమంటావని అడిగితే, "నేను మొదటినుంచి అనుకుంటనే ఉన్న" అన్నాడు. వాళ్ల మైదానంలో లక్షకు పైగా సీట్లు. బోధన్ పట్నం పట్నమంతా తీసుకుపోయి కూర్చోబెట్టినా మిగిలిపోతాయి, వర్నికి కబురు పెట్టొచ్చు. కాలేజీ ఆటకు! మన కాలేజీల్లో ఆటలపోటీలంటే పీడీ సారు ఊదే విజిల్ ఆయనకు ఒక్కడికే వినపడేది.

ఇంత విసుగులోనూ నా కడుపులో ఒక మాట నలుగుతూనే ఉంది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "సరే, గుగులోతు సౌమ్య ఏ దిక్కు ఆడుతది?"

బల్ల మీద చప్పుడు ఆగింది.

మన జిల్లా పిల్ల. దేశం జట్టుకు ఆడింది. 2022లో క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్ జట్టులో చేరింది. 2025లో ఈస్ట్ బెంగాల్ ఆడపిల్లలు ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉంది, ఆ ఏడే దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఫుట్‌బాల్ సమాఖ్య అవార్డు తీసుకుంది. మా అల్లుడు కాసేపు ఆలోచించి, "మంచిగనే ఆడుతది మామా" అన్నాడు. పెళ్లి భోజనం గురించి అడిగితే చెప్పే జవాబు అది.

వాణ్ణి అని ఏం లాభం, నేను మాత్రం ఏం చూశాను? నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో బాక్సింగ్ ప్రపంచ చాంపియన్ అయింది, మన ఊరు పూలు చల్లింది, ఫ్లెక్సీలు కట్టింది. పారిస్ ఒలింపిక్స్‌లో చైనా అమ్మాయి వూ యూ చేతిలో ఓడితే అయ్యో అనుకుంది. అంతే. ఏ రౌండులో ఎక్కడ తప్పు జరిగిందని ఏ చాయ్ బల్ల దగ్గరా ఎవరూ గొంతు చించుకోలేదు. సోంపు గింజ కదపలేదు. హైదరాబాద్ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. దాన్ని తీర్చిదిద్దిన రహీం సాబే భారత జట్టును 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962లో ఆసియా క్రీడల స్వర్ణానికి తీసుకుపోయాడు. ఆయనెవరో ఈ పిల్లలకు 2024లో మైదాన్ సినిమా వచ్చాక తెలిసింది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో గోవాలో కేరళను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ గెలిచింది. 2025లో మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ పోయి పేరు కూడా మార్చుకుంది. ఆ రోజు మా హోటల్లో ఒక్క గ్లాసు కదల్లేదు. మన ఊరి వాళ్లకు శాలువా కప్పి పంపిస్తాం. తిట్టడానికి మాత్రం ఇంగ్లండు వాళ్లు కావాలి. తిట్టాలంటే తొంభై నిమిషాలు కూర్చుని చూడాలి కదా, ఆ ఓపిక వాళ్లకే దాచిపెట్టాం.

మా అల్లుడికి రోషం వచ్చినట్టుంది. ఫోన్‌లో వెతికి ఏదో పాత మ్యాచ్ ముక్క పట్టుకొచ్చి చక్కెర డబ్బాకు ఆనించి పెట్టాడు. నలుగురం తలలు ఆనించి చూశాం. సౌమ్య బంతి తీసుకుని ఒడ్డువెంట ఉరికింది, ఇద్దర్ని దాటింది, లోపలికి కొట్టింది, అక్కడ అందుకునేవాళ్లు ఎవరూ లేరు.

"ఎవ్వలకు ఇచ్చినట్టు?" అన్నాడు కాక. "చూసి ఇయ్యాలె గదా."

"కాకా, ఆమె చూసింది, స్ట్రైకర్ రాలే! లోపల ఎవ్వరు లేకుంటె ఆమెదా తప్పు?"

"రాలేదని తెలిసినప్పుడు ఆగాలె."

"ఆగితె ఎనుకనుంచి వచ్చి గుంజుకుంటరు! నువ్వు ముందుగాల ఆ లెఫ్ట్‌బ్యాక్‌ను చూడు, ఎక్కడున్నది ఆమె?"

"ఏది? మళ్ల పెట్టు."

ఆర్సెనల్ పిల్లగాడు గ్లాసు తెచ్చి స్ట్రైకర్ ఉండాల్సిన చోట పెట్టాడు. సేట్ గల్లా దగ్గర్నుంచి లేచాడు.