కుక్కపిల్ల ఇంటికొచ్చాక చెవిన పెట్టకూడని సలహాలు

చెన్నైలో తెలుగువాళ్ళింటికి కుక్కపిల్ల వచ్చిందంటే సలహాలకు కొదవుండదు. ఊళ్ళో ఉన్న అమ్మమ్మ ఫోన్‌లో చెప్పేది ఒకటి, పై వాటా మామి మెట్ల మీద ఆపి చెప్పేది ఒకటి, అమ్మినవాడు డబ్బులు లెక్కపెట్టుకుంటూ చెప్పేది ఇంకొకటి. వీటిలో కొన్ని కుక్కపిల్లను చంటిబిడ్డ అనుకుని ప్రేమతో చెప్పేవి. కొన్ని "కుక్కే కదా, దానంతటదే బతుకుతుంది" అనే ధీమాతో చెప్పేవి. రెండు రకాలూ పిల్ల ప్రాణం మీదికి తెస్తాయి. తల్లిని వదిలి వచ్చిన మొదటి ఏడెనిమిది వారాలు దానికి మనం తప్ప దిక్కు లేదు కాబట్టి ఏ మాట వినకూడదో ముందే తెలిసి ఉండాలి.

"బాగా చిన్నదిగా ఉన్నప్పుడే తెచ్చుకోండి, మాలిమవుతుంది." ఈ సలహా వల్ల లాభపడేది అమ్మేవాళ్ళే. నెల తిరక్కుండా పిల్లను పంపేస్తే వాళ్ళకు తిండి ఖర్చు, టీకా ఖర్చు మిగులుతాయి. ఎంత చిన్నపిల్లనైనా "ఫార్టీ ఫైవ్ డేస్ సార్" అనే చెబుతారు. నిజంగానే నలభై అయిదు రోజులదైనా అది తొందరే. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆ గడువుకు కారణం ఉంది. ఆటలో తోబుట్టువును గట్టిగా కరిస్తే అది కీచుమని అరిచి ఆట మానేస్తుంది. ఎంతవరకు కరవొచ్చో పిల్లకు తెలిసేది అక్కడే. నాలుగు వారాలకే విడదీసి తెస్తే ఆ పాఠం మన పిల్లల చేతుల మీద నేర్చుకుంటుంది.

"పొట్ట ఎంత గుండ్రంగా ఉందో చూడండి, తిండిపుష్టి గల పిల్ల" అని కూడా అంటారు. తిన్న వెంటనే పొట్ట ఉబ్బడం మామూలే. పొద్దున్నే పరగడుపున కూడా పక్కటెముకలు తేలి, పొట్ట మాత్రం డోలులా బిగుసుకుని ఉంటే లోపల ఏలికపాములు ఉన్నాయేమోనని అనుమానించాలి. అవి తల్లి కడుపులో ఉండగానే పిల్లలోకి చేరతాయి. కొంకిపురుగులు పాల ద్వారా వస్తాయి. అందుకే రెండో వారం నుంచి రెండు వారాలకోసారి నట్టల మందు పడాలి. రెండు మూడు నెలలు దాటాక ఆరో నెల వరకు నెలకోసారి, అదీ బరువు తూచి, డాక్టరు చెప్పిన మోతాదులో. ఏలికపాముల గుడ్లు మనుషుల కడుపులోకీ వెళ్తాయి కనుక పిల్లలు ఆడుకున్నాక చేతులు కడుక్కోవాల్సిందే.

తీసుకునే ముందు పై పెదవి మెల్లగా ఎత్తి చిగుళ్ళు చూడండి. తడిగా, గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే ఆ చోటు తెల్లబడి, రెండు సెకన్లలోపు మళ్ళీ రంగు ఎక్కాలి. పాలిపోయి, వేలికి జిగటగా అంటుకుంటే ఆ పిల్లకు ఒంట్లో రక్తమో నీరో తక్కువైందన్న మాట. ఇక్కడ నల్ల చిగుళ్ళున్న పిల్లలూ ఉంటాయి. వాటికి కింది కనురెప్ప లోపలి వైపు చూడాలి.

రాజపాళయం జాతి గురించి విడిగా చెప్పాలి. విరుదునగర్ జిల్లాలోని ఆ ఊళ్ళో తరాల కిందట స్థిరపడిన తెలుగు రాజుల కుటుంబాలకూ ఈ వేటకుక్కకూ అనుబంధం పాతది. 2005లో తపాలా శాఖ దేశీ జాతుల మీద స్టాంపులు వేసినప్పుడు అందులో రాజపాళయం కూడా ఉంది. మద్రాసు తెలుగువాళ్ళు ఆ పిల్లను తెచ్చుకుని గర్వపడడంలో తప్పేమీ లేదు. అయితే "మచ్చ లేని తెలుపు, గులాబీ ముక్కు ఉంటే చాలు, ఇంకేం చూడక్కర్లేదు" అనే మాట నమ్మకండి. ఆ తెలుపుతోనే ఈ జాతిలో పుట్టు చెవుడు కూడా వస్తుంటుంది. లోపలి చెవిలో రంగు కణాలు లేకపోతే, వినికిడికి పనికొచ్చే కణాలు పుట్టిన కొద్ది వారాల్లోనే చచ్చిపోతాయి. పిల్లను తోబుట్టువుల నుంచి వేరు చేసి, అది నిద్రపోతున్నప్పుడు వెనక నుంచి తాళంచెవుల గుత్తి ఆడించండి. గాలి తగలకూడదు, నేల అదరకూడదు. చెవి కూడా కదపకపోతే డాక్టరుకు చూపించండి. చెవిటి పిల్లను చేతి సైగలతో చక్కగా పెంచొచ్చు. కాకపోతే ఆ సంగతి మొదటి రోజే తెలియాలి. తెలియక "పిలిస్తే పలకదు, మొండిది" అని కొట్టే ఇళ్ళు ఉన్నాయి.

ఇక తిండి. "తల్లికి దూరమైంది పాపం, ఆవిన్ పాలలో కాసిని నీళ్ళు కలిపి పట్టండి." ఇంతకంటే దయగా వినిపించే సలహా లేదు, ఇంతమంది పాటించేదీ లేదు. కుక్క పాలలో కొవ్వు, మాంసకృత్తులు ఆవుపాలలో కంటే రెట్టింపుకు మించి ఉంటాయి, పాల చక్కెర తక్కువగా ఉంటుంది. మనం పట్టే పాలు అందుకు సరిగ్గా వ్యతిరేకం, పైగా వాటిని నీళ్ళతో ఇంకా పలచన చేస్తున్నాం. పాలు మానే వయసులో పిల్లకు ఆ చక్కెరను అరిగించుకునే శక్తి కూడా తగ్గిపోతుంది. మర్నాటికల్లా నీళ్ళ విరేచనాలు. కిలోన్నర బరువున్న ప్రాణికి ఒక పూట విరేచనాలు పట్టుకుంటే చాలు, కళ్ళు గుంటలు పడతాయి.

"మేం మాంసం ముట్టం, అదీ పెరుగన్నంతోనే పెరుగుతుంది." పెరుగులో పాల చక్కెర కొంత విరిగి ఉంటుంది గనుక పెరుగు హాని చేయదు. ఎముక, కండ పెరగాల్సిన వయసులో ఒట్టి పెరుగన్నం మాత్రం చాలదు. మాంసం వండని ఇళ్ళలో ఉడికించిన గుడ్డుకైనా ఒప్పుకోవాలి, లేదా కుక్కపిల్లల కోసమే చేసిన మంచి దాణా కొనాలి. మూడు నెలలు వచ్చేదాకా రోజుకు నాలుగుసార్లు పెట్టాలి. చిన్న జాతి పిల్లలు ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంటే రక్తంలో చక్కెర పడిపోయి మూర్ఛపోతాయి. మొదటి వారం మాత్రం అమ్మినవాళ్ళు ఏది పెట్టేవారో అదే పెట్టి, కొత్త తిండిని కొంచెం కొంచెంగా కలపండి.

"మనం తినేదే దానికీ" అనేవాళ్ళ ఇంట్లో ప్రమాదం ఎక్కడుందో చూడండి. సాంబారులో ఉల్లిపాయ ఉంటుంది, రసంలో వెల్లుల్లి ఉంటుంది. రెండూ కుక్క రక్తంలోని ఎర్రకణాలను విరగ్గొడతాయి. గుడిలో ఇచ్చిన చక్కెర పొంగలిలో ఎండుద్రాక్ష ఉంటుంది. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం. ప్రసాదం కాదనకూడదని ఎవరైనా అంటే, ఆ ముద్ద మీరు కళ్ళకద్దుకుని తినండి. కోడి కూరలో ఉడికిన ఎముక సూదుల్లా విరుగుతుంది, దాన్నీ పెట్టకండి.

"ఒళ్ళు కాలిపోతోంది, పిల్లల జ్వరం సిరప్ ఒక మూత పోయండి." దయచేసి ఈ పని చేయకండి. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లను ఎత్తుకున్నా మన చేతికి వెచ్చగానే తగులుతుంది. లేని జ్వరానికి పోసిన పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం పాడవుతుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇంకా ఘోరం, పొట్టలో పుండ్లు పడి రక్తం పోతుంది. ఇంట్లో మందుల డబ్బాలో ఉన్నదేదీ డాక్టరును అడక్కుండా పిల్ల నోట్లో పడకూడదు.

"నాటుకుక్కకు టీకాలెందుకు? వీధిలోవి బతకట్లేదా?" వీధిలో బతికినవే మన కంటికి కనిపిస్తాయి. ఈతలో చచ్చిపోయిన పిల్లలను ఎవరూ లెక్కపెట్టరు. వాటిని చంపేవాటిలో ముందుండేది పార్వో. 1978 ప్రాంతంలో ప్రపంచమంతా పాకిన ఈ వైరస్ కొద్ది ఏళ్ళకే మన దేశానికి వచ్చింది. ఇక్కడ దాన్ని గుర్తించి ప్రచురించిన తొలి పరిశోధనల్లో మద్రాసు వెటర్నరీ కాలేజీది ఒకటి. 1903లో మొదలైన ఆ కాలేజీకి వేపేరిలో ఉన్న ఆసుపత్రికి ఒక పూట వెళ్తే పార్వో అంటే ఏమిటో పుస్తకం చదవకుండానే తెలుస్తుంది. ముంగాలికి ప్లాస్టరుతో అంటించిన సూది, పైన వేలాడే సెలైన్ సీసా, టవల్ మీద చప్పుడు లేకుండా పడుకున్న పిల్ల, కుళ్ళిన రక్తపు వాసన. టీకా వేయించి ఉంటే వాటిలో చాలా పిల్లలు ఆ బల్ల ఎక్కేవి కావు.

"ఒక టీకా వేయించాం కదా, ఇంక భయం లేదు" అన్నది కూడా అంతే ప్రమాదం. తల్లి పాలతో వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పని చేయనివ్వదు. ఆ రక్షణ ఏ వారంలో కరిగిపోతుందో పిల్లపిల్లకూ తేడా ఉంటుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేస్తారు. చివరిది ఎగ్గొడితే ముందు వేయించినవన్నీ వృథా కావచ్చు. లెప్టోస్పైరోసిస్ టీకాను ఈ ఊళ్ళో అసలు వదలకూడదు. నవంబరు, డిసెంబరు వానల్లో వీధులు నిండినప్పుడు ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళే గుమ్మం దాకా వస్తాయి. పార్వోతో ఒక పిల్ల పోయిన ఇంట్లోకి వెంటనే ఇంకో పిల్లను తేవడం పెద్ద తప్పు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి చావదు, ఫినాయిల్‌కు లొంగదు. ఇళ్ళలో వాడే బ్లీచ్ ఒక వంతుకు ముప్పై వంతుల నీళ్ళు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి కడగాలి. కొత్త పిల్లకు టీకాలన్నీ అయ్యాకే ఆ గడప తొక్కించాలి.

దీనికి భయపడి "నాలుగు నెలలు గది దాటించకండి" అనే డాక్టర్లూ ఉన్నారు. వాళ్ళతో నేను ఏకీభవించను. మూడో వారం నుంచి పద్నాలుగో వారం వరకు పిల్ల చూసిందీ విన్నదీ జీవితాంతం దానికి మామూలుగా అనిపిస్తుంది. అప్పుడు చూడనిది తర్వాత భయపెడుతుంది. నేల మీద దించకుండా ఒళ్ళో పెట్టుకుని తిప్పండి. ఆటో హారన్, కుక్కర్ విజిల్, గొడుగు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, చేతికర్రతో నడిచే తాతగారు, అన్నీ దానికి పరిచయం కావాలి. ఈ ఊరి దీపావళి టపాకాయలు తెల్లవారకముందే మొదలవుతాయి. గదిలో దాగి పెరిగిన పిల్లకు ఆ రోజు నరకం.

"ఇంట్లో ఉచ్చ పోస్తే ముక్కు అందులో రుద్దండి, మళ్ళీ చేయదు." పిల్లకు మూత్రం ఆపుకునే కండరాలే ఇంకా బలపడలేదు. ముక్కు రుద్దితే అది నేర్చుకునేది మీకు కనపడకుండా సోఫా వెనక పోయడమే. నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆట ఆగగానే ఎత్తుకెళ్ళి పాత పేపరు మీదో, బాల్కనీ మూలలోనో దించండి. పని కాగానే మెచ్చుకోండి. రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి.

"రాత్రి ఏడిస్తే పట్టించుకోకండి, మేడ మీద కట్టేయండి, అదే అలవాటవుతుంది." నిన్నటి దాకా తోబుట్టువుల మధ్య వెచ్చగా పడుకున్న ప్రాణి అది. ఒంటరిగా వదిలితే అలసిపోయి ఊరుకుంటుంది, భయం మాత్రం పోదు. మొదటి రాత్రులు మీ మంచం పక్కనే పెట్టెలో పడుకోబెట్టండి, చెయ్యి అందేంత దూరంలో. మేడ మీద అసలు వద్దు. కత్తిరి ఎండల్లో ఆ గచ్చు అర్ధరాత్రి దాటినా చల్లారదు.

స్నానానికి తొందర లేదు. మురికైతే తడిబట్టతో తుడిచి ఆరబెట్టండి. "పిడుదులు పడితే కిరసనాయిలు రాయండి" అనే మాట పాతకాలం ఇళ్ళలో ఇప్పటికీ వినిపిస్తుంది. అది చర్మాన్ని కాలుస్తుంది, నాకితే ఊపిరితిత్తులకు చేరుతుంది. పిడుదును పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగాలి. మందు కావాలంటే వయసు, బరువు చెప్పి డాక్టరు దగ్గరే తీసుకోవాలి.

ఇన్నిటిలోనూ మనుషుల ప్రాణం తీసే సలహా ఒకటుంది: "పాలపళ్ళ కుక్కపిల్ల, కరిచినా గీరినా ఏమీ కాదు." కుక్కపిల్లకూ రేబిస్ వస్తుంది. టీకా లేని తల్లికి పుట్టిన పిల్లను, వీధిలోంచి తెచ్చిన పిల్లను ఇంతకుముందు ఏం కరిచిందో మనకు తెలియదు. 2025లో ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌శహర్ జిల్లాలో ఒక యువ కబడ్డీ ఆటగాడు కాలువలో పడిన కుక్కపిల్లను కాపాడబోయాడు. అది కరిచింది. చిన్న గాయమేనని టీకా వేయించుకోలేదు. రేబిస్‌తో చనిపోయాడు. లక్షణాలు బయటపడ్డాక దీనికి వైద్యం లేదు.

పన్ను దిగి రక్తం కనిపించినా, గోరు గీరుకుపోయినా గాయాన్ని వెంటనే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం, ఆకుపసరు ఏదీ పెట్టకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులనే భయం ఇంకా కొందరు పెద్దవాళ్ళలో ఉంది. ఆ పాత మందు మన దేశంలో ఆగిపోయి ఇరవై ఏళ్ళయింది. ఇప్పుడు చేతికి వేస్తారు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28వ రోజుల్లో. చర్మం తెగి రక్తం వచ్చి ఉంటే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వాలి. ఇవ్వకపోతే అడగండి.

పిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించి, ఆ సర్టిఫికెట్‌తో గ్రేటర్ చెన్నై కార్పొరేషన్ లైసెన్సుకు దరఖాస్తు చేయండి. ఏడాది తిరిగేసరికి టీకా మళ్ళీ వేయించాలి. తేదీ క్యాలెండరు మీద ఇప్పుడే రాసిపెట్టుకోండి.