హవల్దారు గారి కార్డు

ఈ కార్డుకు ‘నేను’ అనడం అలవాటు లేదు. దాని మీదున్నది వేరొకరి ఫొటో, వేరొకరి పేరు. అందుకే సొంత కథను కూడా ఎవరి కథో చెబుతున్నట్టే చెప్పుకుంటుంది.

పుట్టింది 2018లో. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ ముక్క, లోపల 64 కె.బి. చిప్పు. మాజీ సైనికుల ఇళ్లలో దాన్ని ఈసీహెచ్ఎస్ కార్డు, అంటే మాజీ సైనికుల చందా ఆరోగ్య పథకం కార్డు అంటారు. గోదావరి పక్క పల్లె నుంచి వెళ్లి 24 ఏళ్లు ఆర్టిలరీలో పనిచేసిన హవల్దారు గారు పెన్షన్ మీద ఇంటికొచ్చేటప్పుడు, చేతికి రావాల్సిన సొమ్ములోంచి 30,000 రూపాయలు చందాగా కోతపడింది. జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకైతే (జేసీవోలు) 67,000, ఆఫీసర్లకైతే 1,20,000. ఒక్కసారే కట్టాలి. ఆ తర్వాత ఆయనకూ, ఆయన భార్యకూ జీవితాంతం వైద్యం. కొడుక్కి సంపాదన మొదలయ్యేదాకా, లేదా 25 ఏళ్లు నిండేదాకా. కూతురికి పెళ్లి అయ్యేదాకా, లేదా ఉద్యోగం వచ్చేదాకా. నెల ఆదాయం 9,000 రూపాయలూ దాని మీద కరువు భత్యమూ కలిపిన మొత్తం దాటని తల్లిదండ్రులకూ ఇందులో చోటుంది.

సర్వీసులో ఉన్నన్నాళ్లూ హవల్దారు గారికి ఆసుపత్రి ఖర్చు అనే ఆలోచనే లేదు. జ్వరమొస్తే యూనిట్లో ఎం.ఐ. రూమ్ అనే చిన్న వైద్యశాల, పెద్ద జబ్బైతే మిలిటరీ ఆసుపత్రి. ఆయన పెద్దమ్మాయి పుట్టింది సికింద్రాబాద్ మిలిటరీ ఆసుపత్రిలోనే. యూనిఫాం విప్పాక సంగతి వేరు. ఒకప్పుడు పెన్షన్‌దారు మిలిటరీ ఆసుపత్రికి వెళ్లినా, అక్కడ ఖాళీని బట్టే చూసేవారు. ఆ ఆసుపత్రి కూడా కంటోన్మెంట్ ఉన్న ఊళ్లోనే. పశ్చిమ గోదావరిలో మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. తరతరాలుగా సైన్యంలో చేరుతున్న ఊరు. అలాంటి పల్లెల్లోని ముసలి సిపాయిలకు కంటోన్మెంట్ ఎంత దూరం! ఆ లోటు తీర్చడానికే 2002 డిసెంబరు 30న రక్షణ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. 2003 ఏప్రిల్ 1న ఈ పథకం మొదలైంది. మొదట 227 పాలీక్లినిక్‌లు, 2010లో మరో 199 మంజూరయ్యాయి. మన సైన్యంలో పనిచేసి వెళ్లిన గూర్ఖాల కోసం నేపాల్లోనూ తెరిచారు.

కార్డు చేతికొచ్చేసరికి హవల్దారు గారికి తాతలు దిగొచ్చారు. అడ్డుపడింది డబ్బు కాదు, పేరు.

తెలుగువాళ్ల పేర్లకు ముందు ఇంటిపేరు పొడి అక్షరాల్లో ఉంటుంది. రికార్డు ఆఫీసులో ఎక్కడో ఉత్తరాది గుమస్తా దాన్ని తనకు తోచినట్టు విడగొట్టి రాశాడు. పెళ్లయిన కొత్తలో, సైనికుడి కుటుంబ వివరాలు ఎక్కించే పార్ట్-టూ ఆర్డర్‌లో భార్య పేరు లక్ష్మి అని ఎక్కింది, ఆధార్‌లో మహాలక్ష్మి. పుట్టిన తేదీ ఒకచోట జనవరి 1, ఇంకోచోట జూలై 1. రికార్డుల్లో ఆమె ఒకరు, ఆధార్‌లో ఇంకొకరు అయిపోయారు. నోటరీ దగ్గర అఫిడవిట్లు, పేపర్లో ప్రకటన, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం చుట్టూ తిరగడం, రికార్డు ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులు. ఆమె కార్డు రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ ఆమె షుగరు మందులు చేతిడబ్బుతోనే కొనుక్కున్నారు.

కార్డు నెలకోసారి పాలీక్లినిక్‌కు వెళ్లేది. తెల్లవారుజామున బస్సెక్కితేనే టోకెన్ అందేది. అక్కడ ఇన్‌చార్జి ఎక్కువగా రిటైరైన ఆఫీసరే. డాక్టరు, ఫార్మసిస్టు, నర్సింగ్ అసిస్టెంటు అందరూ కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు. బీపీ చూసి, మందులిచ్చి పంపుతారు. అక్కడ చూడలేని జబ్బైతే రిఫరల్ రాస్తారు. పథకం గుర్తించిన (ఎంపానెల్డ్) ఆసుపత్రుల జాబితాలోంచి ఎక్కడికి వెళ్లాలో రోగి ఇష్టం. అక్కడ నగదు కట్టక్కర్లేదు; ఆసుపత్రే బిల్లును ఆన్‌లైన్లో పంపుతుంది, యూటీఐటీఎస్‌ఎల్ అనే సంస్థ పరిశీలిస్తుంది, పథకం ప్రాంతీయ కేంద్రం చెల్లిస్తుంది. హవల్దారు దాకా ర్యాంకులకు జనరల్ వార్డు, జేసీవోలకు సెమీ ప్రైవేటు, ఆఫీసర్లకు ప్రైవేటు గది.

కాగితం మీద దారి నున్నగానే ఉంది. గతుకులు బిల్లుల దగ్గర మొదలవుతాయి. ఈ పథకంపై 2015లో కాగ్ ప్రత్యేకంగా నివేదిక ఇచ్చింది. మందుల కొరతనూ, బిల్లుల జాప్యాన్నీ ఎత్తిచూపింది. బకాయిలు పేరుకుంటే ఆసుపత్రులు ముఖం చాటేస్తాయి. జేబులో కార్డు ఉన్న మనిషిని రిసెప్షన్ దగ్గర అడ్వాన్సు అడగడం కంటే పెద్ద అవమానం ఇంకేముంటుంది? చందా ముందే కట్టిన మనిషి ఆయన. ఈ కార్డు ఆ మాట నొక్కి చెబుతుంది: ఇది దానం కాదు.

2021లో ఒక రాత్రి హవల్దారు గారికి గుండెల్లో మంట మొదలై ఎడమ చెయ్యి లాగింది. కొడుకు ఆటో పిలిచి దగ్గర్లో ఏ ఆసుపత్రి తెరిచి ఉంటే దాన్లో చేర్చాడు. అది జాబితాలో లేదు. అత్యవసరంలో ఎక్కడైనా చేరవచ్చు, తప్పు లేదు. కాకపోతే 48 గంటల్లోపు పాలీక్లినిక్‌కు కబురు చెప్పాలి. ఆ సంగతి కొడుక్కి తెలియదు. తెల్లారాక పక్కవీధి సుబేదారు గారు వచ్చి, “బాబూ, ముందు ఫోన్ చెయ్యి, తర్వాత ఏడుద్దువుగాని” అని గదమాయించారు. ఆ ఒక్క ఫోన్‌తోనే తర్వాత డబ్బు తిరిగి వచ్చింది. అయితే వచ్చేది కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం (సీజీహెచ్ఎస్) రేట్ల ప్రకారమే. ఆసుపత్రి వేసిన బిల్లుకూ ఆ రేటుకూ మధ్య ఉన్న తేడాకు మహాలక్ష్మి గారి గాజులు పోయాయి. స్టెంటు మాత్రం ఎంపానెల్డ్ ఆసుపత్రికి మారాక, కార్డు మీదే వేశారు.

ఆ స్టెంటుతో హవల్దారు గారు రెండేళ్లు బతికారు. రోజూ పొద్దున మైలు నడిచేవారు. కార్డును దస్తీలో చుట్టి చొక్కా పైజేబులో పెట్టుకునేవారు. చివరిరోజు కూడా అది అక్కడే ఉంది.

మనిషి పోయాక ఆయన కార్డు చెల్లదు. దాన్ని తిరిగి అప్పజెప్పాలి. భార్య ఇక ఆధారపడిన వ్యక్తి కాదు, ఆమే సభ్యురాలు. కొత్త కార్డు తీసుకోవాలి, చందా మళ్లీ కట్టనక్కర్లేదు. పేరు తగాదా ముందే తీరింది కాబట్టి మహాలక్ష్మి గారికి ఈసారి పని చకచకా అయిపోయింది. అదే వీధిలో మరో సిపాయి భార్యకు మాత్రం ఇంకా ఏ కార్డూ లేదు. పార్ట్-టూ ఆర్డర్‌లో ఆమె పేరే ఎక్కలేదు. ఎక్కించాల్సిన మనిషి లేడు.

ఇప్పుడు ఈ కార్డు ఒక కవరులో, మరణ ధ్రువపత్రం జిరాక్సు పక్కన ఉంది. సోమవారం పాలీక్లినిక్‌కు చేరుతుంది. ఆలోగా మీకొక మాట చెబుతోంది. మీ వీధిలో పెన్షన్ తీసుకునే సిపాయి ఎవరైనా ఉంటే, ఆయన బతికుండగానే డిశ్చార్జి బుక్ తీయించండి. భార్య పేరూ, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం సరిపోయాయో లేదో పక్కన కూర్చుని చూడండి.