నా అసలు పేరు 45509

తెర మీద నేను 05-08-2024. అది పైన తొడుక్కున్న చొక్కా. ఎక్సెల్ గడి లోపల మాత్రం నేను 45509 అనే వట్టి అంకెని. 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని రోజులు లెక్కపెడుతూ వస్తే తేలే సంఖ్య అది. మధ్యాహ్నం పన్నెండయితే నా పక్కన ఒక .5 చేరుతుంది.

ఆ లెక్కలో ఒక దొంగ రోజుంది. శతాబ్ది సంవత్సరమైన 1900ని 400తో భాగిస్తే తెగదు కాబట్టి అది లీపు సంవత్సరం కాదు. అయినా మా వరసలో 60వది 1900 ఫిబ్రవరి 29! లోటస్ 1-2-3 అనే పాత ప్రోగ్రాంలోని తప్పది. దాని ఫైళ్ళతో లెక్క కుదరాలని ఎక్సెల్ తెలిసే ఆ తప్పును నెత్తికెత్తుకుంది. మ్యాక్‌లో పుట్టిన మా దాయాదులు 1904 నుంచి మొదలుపెట్టారు. వాళ్ళకీ మాకూ 1462 రోజుల తేడా.

అంకెనవడంలో సుఖముంది. 2014 జూన్ 2 అంటే 41792, 1956 నవంబర్ 1 అంటే 20760. తీసేస్తే 21032. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నాటి నుంచి తెలంగాణ వచ్చేదాకా గడిచిన రోజులవి. నెలలు కలపమంటేనే తలనొప్పి. 2025 జనవరి 31కి ఒక నెల కలపమంటే ఈడేట్ ఫార్ములా ఫిబ్రవరి 28తో సర్దుకుంటుంది. దానికి ఇంకో నెల కలిపితే మార్చి 28 వస్తుంది. ఆ మూడు రోజులు ఏమయ్యాయని అడిగే నాథుడు లేడు.

1900కి ముందు మాకు ఉనికే లేదు. గురజాడ పుట్టిన 1862 సెప్టెంబర్ 21ని ఎలా కొట్టినా అక్షరాలుగానే మిగులుతుంది, తీసివేతకు లొంగదు.

నా సొంత కష్టం వేరు. ఒక ఆఫీసులో ఉద్యోగి చేరిన తేదీగా నన్ను 05/08/2024 అని వేరే ఫైలు నుంచి తెచ్చి పోశారు. ఆ కంప్యూటర్ అమరిక అమెరికా పద్ధతిది, నెల ముందుంటుంది. నన్ను మే 8 అనుకుని 45420 చేసేసింది. ఎర్ర గుర్తు లేదు, హెచ్చరిక లేదు. కింది గడిలోని 15/08/2024 బతికిపోయింది. పదిహేనో నెల లేదు గనక అక్షరాలుగానే గడిలో ఎడమవైపు అంటుకుని ఉండిపోయింది. దాన్ని చూసి అందరూ కంగారుపడ్డారు, నన్ను ఎవరూ అనుమానించలేదు. నా ఉద్యోగికి 89 రోజుల సీనియారిటీ ఊరికే కలిసొచ్చింది. ఆయనెందుకు నోరు విప్పుతాడు? చివరికి మూల ఫైలును మళ్ళీ తెరిచి, రోజు, నెల, ఏడు అనే వరస చెప్పి దించుకున్నాకే నేను నేనయ్యాను.

తేదీలు కానివాటిని తేదీలు చేసిన పాపమూ మాకుంది. మార్చ్1, సెప్ట్1 అనే జన్యువుల పేర్లను మేం తేదీలుగా మింగేస్తుంటే, 2020లో శాస్త్రవేత్తలే ఆ పేర్లు మార్చుకున్నారు.

అందుకే అడుగుతున్నాను. నన్ను కొట్టేటప్పుడు 2024-08-05 అని సంవత్సరం ముందు రాయండి. తీసివేతలు మొదలుపెట్టే ముందు గడిని జనరల్ ఫార్మాట్‌కి మార్చి చూడండి. అయిదంకెల సంఖ్య కనిపిస్తే నేను తేదీని, కదలకుండా ఉంటే వట్టి అక్షరాలని. రోజు 12 లోపుంటే మాత్రం ఆ పరీక్ష చాలదు, అసలు కాగితంతో పోల్చి చూసుకోండి.