మూడున్నర రూపాయల వడ్డీకి ఉచిత విమానం

రాజోలు చుట్టుపక్కల నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే మర్యాదస్తుడి వడ్డీ. మూడు రూపాయలైతే అప్పు తీసుకుంటూనే తిట్టుకుంటారు. మూడున్నర, మూడుముప్పావు గుంజేవాణ్ణి జైల్లో వేయాలంటారు. 2015 డిసెంబరులో విజయవాడ కాల్‌మనీ బాగోతం బయటపడినప్పుడు వడ్డీ వ్యాపారుల మీద అందరూ గగ్గోలు పెట్టారు. అదే మూడున్నర రూపాయలు క్రెడిట్ కార్డు మీద పడితే దానికి ఎక్కడలేని గౌరవం వచ్చేస్తుంది. ఏడాదికి ముప్పై శాతం మించకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన ఉత్తర్వును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టేసింది కాబట్టి, చట్టం దృష్టిలో అది తప్పూ కాదు. ఊళ్లో వడ్డీ వ్యాపారికి లేని తెలివి బ్యాంకుకు ఉంది: అప్పు అంటగట్టే ముందు చేతిలో పదివేల పాయింట్లు పెట్టి, విమానంలో ఉచితంగా తిరిగిరమ్మంటుంది. ఆయ్, ఉచితమేనండి.

ఈ ఉచితాన్ని విద్యగా సాధన చేసేవాళ్లు తయారయ్యారు. డాలస్‌లో ఉన్న కోనసీమ కుర్రాళ్ల దగ్గర మొదలై, హైదరాబాదు మీదుగా ఇక్కడిదాకా వచ్చింది. కార్డు తీసుకోవడం, తొంభై రోజుల్లో చెప్పినంత ఖర్చు చేసి బోనస్ కొట్టేయడం, రెండో ఏడు ఫీజు పడేలోగా కార్డు రద్దు చేసి ఇంకో బ్యాంకు గుమ్మం ఎక్కడం. బ్యాంకును బోల్తా కొట్టించామని వీళ్ల ధీమా. ఊహకు ఒక కార్డు తీసుకుందాం. ఫీజు అయిదు వేలు, పద్దెనిమిది శాతం జీఎస్టీతో 5,900. మూడు నెలల్లో లక్షన్నర వాడితే పదివేల పాయింట్లు. పాయింటుకు రూపాయి గిట్టిందనే ఉదారంగా అనుకుంటే మిగులు 4,100. ఆ లక్షన్నర బిల్లు ఒక్క నెల నిలిచిపోతే వడ్డీ 5,250, దాని మీద జీఎస్టీ 945, వెరసి 6,195. విమానం గాల్లోకి లేవకముందే జేబుకు చిల్లు. మినిమం కట్టాం కదా అనుకోవడానికీ లేదు. బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికీ కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది.

మేం గడువుకు ముందే పూర్తిగా కట్టేస్తాం, పైసా వడ్డీ ఇవ్వం అంటారు సాధకులు. నిజమే, అలాంటివాళ్లు ఉన్నారు, వాళ్ల లెక్కలో తప్పు లేదు. కానీ అక్కడే అసలు ప్రశ్న: మరి ఆ టిక్కెట్టు డబ్బు ఎవరిది? బాస్టన్ ఫెడరల్ రిజర్వు బ్యాంకు ఆర్థికవేత్తలు 2010లో అమెరికా సంగతి లెక్కగట్టారు. కార్డు ఫీజులు సరుకుల ధరల్లో కలిసిపోవడం వల్ల, నగదుతో కొనే సగటు కుటుంబం ఏడాదికి 149 డాలర్లు పోగొట్టుకుంటుంటే, కార్డు వాడే కుటుంబం 1,133 డాలర్లు పొందుతోందని తేలింది. పేదవాడి పచారీ సంచిలోంచి ఉన్నవాడి విమానానికి చందా అన్నమాట. దానికి తోడు, బాకీ తీర్చలేక నెలనెలా మినిమం కట్టేవాడి వడ్డీ. సాధకుడు బోల్తా కొట్టించింది బ్యాంకును కాదు, వీళ్లిద్దరినీ.

బ్యాంకు మాత్రం అంత అమాయకమైనది కాదు. 2016లో చేజ్ బ్యాంకు సఫైర్ రిజర్వు కార్డుకు లక్ష పాయింట్ల బోనస్ పెడితే జనం ఎగబడ్డారు. కార్డు తయారీకి లోహమే చాలలేదు. ఆ దెబ్బకు ఒక్క త్రైమాసికంలోనే లాభం ఇరవై ముప్పై కోట్ల డాలర్ల దాకా తగ్గుతుందని యాజమాన్యమే చెప్పింది. తర్వాతి జనవరికల్లా బోనస్‌ను సగానికి కోసేసి, వచ్చిన ఖాతాదారులను అట్టే పెట్టుకుంది. మన దగ్గర 2023లో యాక్సిస్ మాగ్నస్ కార్డు, నెలకు లక్ష వాడితే ఇచ్చే పాతికవేల పాయింట్లను ఎత్తేసి, ఫీజు పదివేల నుంచి పన్నెండున్నర వేలకు పెంచింది. పాయింటు అంటే బ్యాంకు ముద్రించే నోటు. దాని విలువెంతో చెప్పేదీ, రేపు ఎంతకు తగ్గాలో తేల్చేదీ ఆ బ్యాంకే. ఇక కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి రావాలని సంక్రాంతి ముందు పాయింట్లతో సీటు వెతికారా, దొరికితే మీ అదృష్టం. దొరికినా పన్నులు చేతి డబ్బే, మధురపూడి విమానాశ్రయం నుంచి రాజోలుకు కారు కిరాయీ చేతి డబ్బే. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం మంజూరై పాతికేళ్లయినా పట్టాలు ఇంకా గోదావరి దాటలేదు, కాబట్టి కారు తప్పదు.

ఇంత లెక్క చూస్తే సరదా ఏముంటుంది, కాస్త తెలివిగా తిరిగితే మీకేం అభ్యంతరం అని అడుగుతారు. తిరగడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ ఈ కోనసీమ నుంచి విమానం ఎక్కేవాళ్లలో ఇళ్లలో పనికి కువైట్, ఖతార్ వెళ్లే ఆడవాళ్లు ఎంతోమంది. రిజిస్టరైన ఏజెంటు ముప్పై వేలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదని నిబంధన ఉంది. బయటి ఏజెంటుకు ఆ నిబంధనా పట్టదు, ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పుకు వడ్డీ మొదట చెప్పిన రెండు మూడు రూపాయలదే. వాళ్ల ప్రయాణానికి వెల్‌కమ్ బోనస్ లేదు, లాంజ్ లేదు. వాళ్లు పంపిన డబ్బుతో ఇంట్లోవాళ్లు నగదుకు కొన్న సబ్బులో, సిమెంటులో కార్డు ఫీజు వంతు మాత్రం ఉంటుంది. అంచేత సాధకులు బోర్డింగ్ పాస్ ఫొటో పెట్టి 'ఫ్రీ' అని రాసేటప్పుడు, దాతల పేర్లు కూడా వేస్తే బాగుంటుంది; గుడి మెట్ల మీద పది రూపాయల విరాళానికైనా వేస్తున్నాం కదా.