నైరుతిలో బీరువా, సంపులో బకెట్టు

విశాఖలో మా బావగారి ఫ్లాటుకి వాస్తులో వంక పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఈశాన్యంలో దేవుడు, ఆగ్నేయంలో పొయ్యి, నైరుతిలో బీరువా, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ. ఇన్ని దిక్కులకీ కాపలా పెట్టాక ఏ ఉపద్రవం మాత్రం ఎటునుంచి వస్తుంది?

2014 అక్టోబరు 12న సముద్రం వైపునుంచి వచ్చింది. ఆ తుఫాను పేరు హుద్‌హుద్.

ముందురోజు బావగారేం ఊరికే కూర్చోలేదు. ఆరు పాల ప్యాకెట్లు, రెండు కిలోల ఉల్లిపాయలు, బజ్జీలకి శనగపిండి తెచ్చి పెట్టారు. ముసురంటే మనకి ముందు గుర్తొచ్చేది మూకుడే కదా! గాలి గంటకి 180 కిలోమీటర్లు దాటుతుందని టీవీ గొంతు చించుకుంటోంది. ఆ టీవీకీ, ఫ్రిజ్జుకీ, ఫోనుకీ కరెంటు కావాలన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. రేవులో ఎగరేసే ప్రమాద సూచికల్లో ఆఖరిది పదకొండో నంబరు. వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని దానర్థం. మర్నాటికి బావగారి జేబులో ఫోను అదే సూచిక ఎగరేసింది.

పాలు విరిగాయి. ఏటీఎంలు మూగబోయాయి. పర్సులో నాలుగు కార్డులు, నూట ఇరవై రూపాయలు.

అసలు కథ నీళ్ల దగ్గర మొదలైంది. కింద సంపు నిండుగా ఉంది. మోటారుకి కరెంటు లేదు. నలభై కుటుంబాల్లో ఒక్కరింట్లోనూ చేంతాడు లేదు. చివరికి బట్టలారేసే నైలాను తాడు విప్పి, బకెట్టుకి కట్టి సంపులోకి దించారు. నిండా ముంచి లాగేసరికి ప్లాస్టిక్ పిడి ఊడి పైకొచ్చింది, బకెట్టు లోపలే ఉండిపోయింది. నలభై మంది చుట్టూ మూగి, దాన్ని తీసే మార్గాల మీద నలభై అభిప్రాయాలు చెప్పారు. ఐదో అంతస్తులో మా చెల్లాయి గొంతు తడుపుకోవడానికి ఎదురుచూస్తోంది.

ఇంత జరిగాక బుద్ధి రాలేదనకండి. ఈసారి ఇంకా పెద్ద గుమ్మడికాయ కట్టారు.

2024 డిసెంబరు 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపిస్తే హైదరాబాద్ దాకా కిటికీలు గలగలలాడాయి. అక్కడున్న మేనల్లుడు మంచం దిగకముందే వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. వాళ్ల నాన్న పోలికే. విశాఖలో బావగారు పడుకునేది ఆ నైరుతి బీరువా పక్కనే. దాని నెత్తిన మూడు సూట్‌కేసులూ, ఒక ఇత్తడి గంగాళమూ. కదిలితే కపాలమోక్షమే. రెండు క్లాంపులతో గోడకి బిగిద్దామన్నాను.

"నైరుతి గోడకి చిల్లు పెడతావుటోయ్!" అని నోరు మూయించారు.

పోనీ అని ముప్ఫై మీటర్ల మంచి చేంతాడూ, ఇనప బకెట్టూ కొనిచ్చాను. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు తాడేదని అడిగాను. బావగారు గర్వంగా గుమ్మం పైకి చూపించారు. కొత్త గుమ్మడికాయ దానికే వేలాడుతోంది. బకెట్టులో తులసి మొక్క వేశారట, ఈశాన్యంలో.