నలభై మంది పెండ్లి

కరీంనగర్ ముకరంపురలో ఒకాయన బిడ్డ పెండ్లి పెట్టుకున్నాడు. 2021 మే 12న మొదలైన లాక్‌డౌన్ ఇంకా నడుస్తోంది. పెండ్లికి నలభై మంది, చావుకు ఇరవై మంది అని సర్కారు లెక్క. ఆయన అందరికీ తనే ఫోన్ చేసి మరీ బాధపడ్డాడు.

"ఏం జేద్దమే, నలభై మందే అన్నరు. లేకుంటె మిమ్ముల ఇడిసి నేను పెండ్లి జేస్తనా?"

వెయ్యి మంది మటన్ దావత్ తప్పింది మరి. (ఇచ్చే కట్నానికి మాత్రం ఏ సడలింపూ లేదు.) సడలింపు వేళలు పొద్దున పది నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకు, తర్వాత సాయంత్రం ఐదుకు పెరుగుతుంటే ఊరు సంబురపడింది, ఆయన గుండె జారింది. జూన్ 19న మంత్రివర్గం కూర్చుని, తెల్లారి నుంచి లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తేసింది. టీవీలో ఆ వార్త అయిపోకముందే ఫోన్లు.

"బావా, ఎత్తేసిండ్రట! ఇగ అందరం వస్తం!"

పెండ్లి ఇంకో వారమే ఉంది. ఆదివారం పొద్దున్నే ఆయన వాట్సాప్‌లో పెట్టాడు: "మా ఇంట్ల ఒకలకు పాజిటివ్. అందరం హోం ఐసొలేషన్‌ల ఉన్నం. మీ ఇండ్లల్ల ఉండే దీవించుండ్రి." 2020 మార్చిలో ఇండోనేషియా నుంచి వచ్చినవాళ్లకు వైరస్ బయటపడితే, వీధులకు బారికేడ్లు కట్టి ఇల్లిల్లూ జల్లెడ పట్టిన ఊరది. పాజిటివ్ అన్న మాట వింటే గడప తొక్కేదెవరు? ఫోన్లు ఆగిపోయాయి. పిలిచిన నలభై మందికి మాత్రం అసలు సంగతి చెవిలో వేశాడు.

సాయంత్రానికి ఆ మెసేజ్ ఆదిలాబాద్ చేరింది. వియ్యంకుడు ఫోన్ చేశాడు.

"ఫికర్ జెయ్యకు బావా, పానం ముఖ్యం. మీకు నయమయ్యేసరికి ఆషాఢం జొరవడ్తది. శ్రావణంల జేసుకుందం."

"అది గాదు బావా, అసలు సంగతేందంటె..."

"నువ్వేం జెప్పకు. నాకు సుత గిదే మంచిగైంది. నలభై మందిల ఎవ్వల్ని పిలువాలె, ఎవ్వల్ని ఇడువాలె అని ఒకటే రంధి ఉండె. ఇప్పుడైతె పెన్‌గంగ అవతలి చుట్టాలు సుత వస్తరు. మా దిక్కుకెళ్లే వెయ్యి మంది. మటన్ జర మంచిది జూడు."