మంచు ఎత్తకుండా చలికాలం గట్టెక్కడం ఎలా?

షికాగోలో కొత్తగా ఇల్లు కొన్నారా? సంతోషం. పాలు పొంగించారు, సత్యనారాయణ వ్రతం చేయించారు, ఇక మిగిలింది మంచు. దాన్ని ఎలా ఎత్తిపోయాలో చెప్పేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. ఎత్తకుండా ఎలా నెట్టుకురావాలో నేను చెబుతాను.

ముందు నియమం తెలుసుకోండి. తెలియని నియమాన్ని శుభ్రంగా ఉల్లంఘించడం కష్టం. ఇంటి ముందు కాలిబాట నగరానిదే, దాని మీది మంచు మాత్రం మీది. ఉదయం 7 నుంచి రాత్రి 7 దాకా పడిందాన్ని ఆ రాత్రి 10 లోపు, రాత్రిపూట పడిందాన్ని పొద్దున 10 లోపు తీసెయ్యాలి. దారి కనీసం 5 అడుగుల వెడల్పు ఉండాలట. మీరు మీ బూటు పట్టేంత సందు చేసి లోపలికి వెళ్లి టీ పెట్టుకోండి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు, పసిపిల్లల బండి తోసుకొచ్చే తల్లులు నడిరోడ్డు మీదకి దిగి బస్సుల పక్కనుంచి పోతారు. అదృష్టం బాగుంటే అవతలి మూల దాకా చేరతారు కూడా.

ఎత్తిన మంచును మీ పెరట్లో పోసుకోకండి, అది మీ సొంత స్థలం. బస్‌స్టాపులో, సైకిళ్ల దారిలో పోయొద్దని నగరం ప్రత్యేకంగా చెప్పింది కదా, అంటే అక్కడ ఖాళీ ఉన్నట్టే. ఫైర్ హైడ్రంట్ మీద గుట్టగా పోస్తే మరీ మంచిది. ఎవరిల్లయినా అంటుకున్న రాత్రి ఫైరింజన్ వాళ్లు తవ్వుకుంటారు. కాలేది మీ ఇల్లే కావచ్చు, కానీ అంత దూరం ఆలోచిస్తే ఏ పనీ జరగదు.

"మనం తీశాక ఎవరైనా జారిపడితే కేసు మన మీదే పడుతుంది" అనే పెద్దమనిషి ప్రతి పుట్టినరోజు పార్టీలో ఒకాయన ఉంటాడు. ఆయన మాటే వేదం. ఇంటివాళ్లు తీసిన చోట ఎవరైనా జారిపడితే, కావాలనో బొత్తిగా లెక్కలేకుండానో చేస్తే తప్ప, బాధ్యత ఉండదని ఇల్లినాయ్ చట్టం చెబుతోంది. ఈ సంగతి ఎవరైనా ఎత్తితే వాళ్ల పళ్లెంలో ఇంకో గులాబ్‌జామ్ వెయ్యండి.

గడ్డకట్టిన మెట్ల మీద మరిగే నీళ్లు కుమ్మరించండి. కాసేపట్లో నున్నటి కొత్త మంచుగచ్చు తయారవుతుంది. సున్నాకు పది డిగ్రీలు దిగువకు పోయాక మామూలు ఉప్పు పెద్దగా పనిచెయ్యదు కాబట్టి, ఆ రోజే బస్తా మొత్తం ఒలకబొయ్యండి.

కారు సంగతి. డిసెంబర్ 1 నుంచి ఏప్రిల్ 1 దాకా, తెల్లవారుజామున 3 నుంచి 7 వరకు, 107 మైళ్ల ముఖ్య రహదారుల్లో పార్కింగ్ నిషేధం. మంచు పడినా పడకపోయినా అంతే. "ఒక్క చుక్క మంచు లేదు కదా!" అన్న మీ వాదనను కారు ఈడ్చుకెళ్లే వాడికి వినిపించండి. అతను చాలా ఓపికగా వింటూనే కొక్కెం తగిలిస్తాడు.

మిగతా వీధుల్లో 'డిబ్స్' అనే ఆచారం ఉంది. మంచు తవ్వి కారు తీసినవాళ్లు ఆ ఖాళీలో పాత కుర్చీ పెట్టి వెళ్తారు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్న జాతికి ఇది వేరే నేర్పాలా? చట్టం దీన్ని ఒప్పుకోదు, కొన్నాళ్లకు నగరపాలక సిబ్బంది ఆ సామానంతా ఎత్తుకుపోతారు కూడా. మీరు ఇంకో మెట్టు ఎక్కండి: పక్కింటాయన రెండు గంటలు తవ్విన చోట మీ కుర్చీ వెయ్యండి.

ఇంత చేశాక అలసట సహజం. కూర్చుని నగరపాలక సంస్థ 311 నంబరుకు ఫోన్ చేసి, మీ సందులోకి మంచు తోసే బండి ఇంకా రాలేదేమని నిలదీయండి. ముందు పెద్ద రోడ్లు, తర్వాతే సందులు అని వాళ్లంటారు. అప్పుడు 1979 గుర్తుచెయ్యండి. ఆ ఏడు సరిగ్గా భోగి, సంక్రాంతి రోజుల్లో, జనవరి 13, 14 తేదీల్లో, సుమారు 20 అంగుళాల మంచు పడింది. వీధులు సమయానికి తెరవలేదన్న కోపంతో జనం ఫిబ్రవరి ప్రైమరీలో మేయర్ మైకేల్ బిలాండిక్‌ను ఓడించి జేన్ బర్న్‌ను గెలిపించారు. మంచు మేయర్‌నే దించేసింది, మీ కాలిబాట ఒక లెక్కా?

లెక్కే మరి. జరిమానా రోజుకు 50 నుంచి 500 డాలర్ల దాకా పడొచ్చు. మంచు పార అంతకంటే చవక.